మ్యాట్రిక్స్ నిండా సున్నాలే, మరి లెక్క ఎందుకు తెమలదు?

ఒక లోహపు దిమ్మను ఊహలోనే పొడవు, వెడల్పు, ఎత్తుల్లో వెయ్యేసి ముక్కలు చేశామనుకోండి. మొత్తం 100 కోట్ల బిందువులు. దిమ్మకు ఒక పక్క వేడి పెట్టి, ఇంకో పక్క చల్లగా ఉంచితే లోపల ఏ బిందువు దగ్గర ఎంత ఉష్ణోగ్రత ఉంటుందో తేల్చాలి. వేడి కుదురుకున్నాక లోపలి ప్రతి బిందువు ఉష్ణోగ్రతా తన చుట్టూ ఉన్న ఆరు బిందువుల సగటుకు సమానం. అంటే 100 కోట్ల సమీకరణాలు, ఒక్కోదాంట్లో ఏడేసి పదాలు. విమానం రెక్క చుట్టూ గాలి, వంతెన మీద పడే బరువు, భూగర్భంలో చమురు కదలిక, వాతావరణ అంచనా... వీటన్నిటి లెక్కా చివరికి ఇలాంటి రూపంలోకే వచ్చి ఆగుతుంది.

ఈ సమీకరణాల్ని మ్యాట్రిక్స్‌గా పేరిస్తే అడ్డవరుసలు 100 కోట్లు, నిలువువరుసలు 100 కోట్లు. ప్రతి గడిలోనూ అంకె దాచాలంటే, అంకెకు 8 బైట్ల చొప్పున 80 లక్షల టెరాబైట్లు కావాలి. అంత మెమరీ ఉన్న కంప్యూటర్ ప్రపంచంలో లేదు. అయితే వరుసకు ఏడు గడులు తప్ప మిగతావన్నీ సున్నాలే. సున్నాల్ని వదిలేసి, అసలు అంకెనూ అది ఎన్నో నిలువువరుసలో ఉందో చెప్పే 4 బైట్ల గుర్తునూ దాచుకుంటే 84 గిగాబైట్లు, దాని మీద ఇంకాస్త. మంచి సర్వర్ ఒక్కటి ఉంటే పట్టేస్తుంది. ఇలా సున్నాలతో నిండినదాన్నే స్పార్స్ మ్యాట్రిక్స్ అంటారు.

80 లక్షల టెరాబైట్ల సమస్య 84 గిగాబైట్లకు దిగొచ్చింది. ఇక కోర్లు ఎక్కువ పెడితే చాలు, క్షణంలో తేలిపోతుంది అనిపిస్తుంది. తేలదు. ఎందుకో తెలియాలంటే 100 కోట్లు అక్కర్లేదు, మూడు బిందువులు చాలు.

సన్నటి కడ్డీ ఒకటి. రెండు కొసలూ సున్నా డిగ్రీల దగ్గర కట్టేశాం. మధ్యలో మూడు బిందువులు. ఒక్కో బిందువుకీ సమీకరణం ఇది: నా ఉష్ణోగ్రతకు రెట్టింపులోంచి ఇరుగుపొరుగు ఉష్ణోగ్రతలు తీసేస్తే, నాకు అందిన వేడి వస్తుంది. మ్యాట్రిక్స్ ఇలా ఉంటుంది:

2, −1, 0
−1, 2, −1
0, −1, 2

మొదటి బిందువుకూ మూడో బిందువుకూ నేరుగా సంబంధం లేదు, అందుకే ఆ మూలల్లో సున్నాలు. ఇప్పుడు మొదటి బిందువుకు మాత్రమే 4 యూనిట్ల వేడి ఇవ్వండి. జవాబు 3, 2, 1. మూడో బిందువు కూడా వేడెక్కింది! ఈ మ్యాట్రిక్స్‌కు విలోమం (అందిన వేడిని ఇస్తే నేరుగా ఉష్ణోగ్రతలు చెప్పే మ్యాట్రిక్స్) కడితే అందులో ఒక్క సున్నా కూడా ఉండదు. సమీకరణం రాసేటప్పుడు ప్రతి బిందువుకూ పక్కవాళ్లతోనే పని. జవాబు దగ్గరికొచ్చేసరికి ప్రతి బిందువూ మిగతా అన్ని బిందువుల మీదా ఆధారపడుతుంది.

ఇలాంటి సమీకరణాల్ని తేల్చే సాఫ్ట్‌వేర్‌ను సాల్వర్ అంటారు, పనిని చాలా ప్రాసెసర్లకు ఒకేసారి పంచితే అది సమాంతర సాల్వర్. ఈ రంగంలో ఉన్న తంటా అంతా ఈ ఒక్క ముడిలోనే ఉందని నా అభిప్రాయం. మ్యాట్రిక్స్ ఖాళీ, దాని విలోమం నిండు. ఒక మూల సంగతి రెండో మూలకు చేరకుండా సరైన జవాబు రాదు. ఆ చేరవేతకు ఎవరో ఒకరు మూల్యం కట్టాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని మెమరీ రూపంలో కడతాయి, కొన్ని సమయం రూపంలో, కొన్ని ప్రోగ్రామర్ తలనొప్పి రూపంలో. ఏ ప్యాకేజీ ఎందుకలా ప్రవర్తిస్తుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి నాకు దొరకలేదు.

లెక్క చవక, మోత ఖరీదు

అసలు పద్ధతుల్లోకి వెళ్లే ముందు కంప్యూటర్ గురించి ఒక మాట. స్పార్స్ మ్యాట్రిక్స్‌ను దాచుకునే మామూలు పద్ధతి మూడు జాబితాలు. పైన కడ్డీ మ్యాట్రిక్స్‌నే తీసుకుంటే, మొదటి జాబితాలో సున్నా కాని అంకెలు వరసగా: 2, −1, −1, 2, −1, −1, 2. రెండోదాంట్లో అవి ఎన్నో నిలువువరుసలో ఉన్నాయో: 1, 2, 1, 2, 3, 2, 3. మూడోదాంట్లో ఒక్కో అడ్డవరుస ఎక్కడ మొదలవుతుందో: 1, 3, 6, చివర ముగింపు గుర్తుగా 8. అంతే.

ఈ మ్యాట్రిక్స్‌ను ఒక వెక్టర్‌తో, అంటే అంకెల నిలువు జాబితాతో గుణించాలంటే ప్రతి అంకెనూ మెమరీ నుంచి ఒకసారి తెచ్చి, ఒక గుణకారం, ఒక కూడిక చేసి వదిలేయాలి. 12 బైట్లు మోసుకొచ్చి చేసే పని రెండే రెండు లెక్కలు. ఇప్పటి ప్రాసెసర్లు ఒక బైటు తెచ్చేలోపు ఎన్నో లెక్కలు చేయగలవు. కాబట్టి ఇక్కడ ప్రాసెసర్ చాలావరకు ఖాళీగా కూర్చుని మెమరీ వైపు చూస్తూ ఉంటుంది. జపాన్‌లోని ఫుగాకు సూపర్ కంప్యూటర్ వేగమైన సూపర్ కంప్యూటర్ల 2020 నవంబర్ జాబితాలో, నిండు మ్యాట్రిక్స్‌తో పెట్టే లిన్‌ప్యాక్ పరీక్షలో 442 పెటాఫ్లాప్స్ (ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు) చూపించింది. స్పార్స్ లెక్కల తీరును పట్టి చూపించడానికి రూపొందించిన హెచ్‌పీసీజీ అనే ఇంకో పరీక్షలో అదే యంత్రం చూపించింది 16 పెటాఫ్లాప్స్. అంటే నాలుగు శాతం కూడా లేదు. పైగా ఆ రెండో పరీక్షలోనూ అప్పుడు మొదటి స్థానం దానిదే! సెకనుకు ఇన్ని లెక్కలు అని కంపెనీలు చెప్పుకునే అంకెకూ, మీ సాల్వర్ వేగానికీ పెద్దగా చుట్టరికం లేదన్నమాట. ల్యాప్‌టాప్‌లో నాలుగు కోర్ల నుంచి ఎనిమిది కోర్లకు వెళ్లినా స్పార్స్ లెక్క వేగం పెరగకపోతే కంగారు పడనక్కర్లేదు. మెమరీ దారి నాలుగింటికే నిండిపోయి ఉండొచ్చు.

ఒక్కొక్కటీ తొలగించుకుంటూ పోయే దారి

బడిలో నేర్చుకున్న పద్ధతి గుర్తుండే ఉంటుంది. ఒక సమీకరణంలోంచి ఒక చలరాశిని తీసి మిగతావాటిలో పెట్టేస్తూ పోవడం. దీన్ని గాస్ ఎలిమినేషన్ అంటారు. దీని మీద కట్టినవే డైరెక్ట్ సాల్వర్లు. ఇబ్బంది ఎక్కడంటే, ఒక చలరాశిని తొలగించినప్పుడు దాని ఇరుగుపొరుగంతా ఒకరికొకరు చుట్టాలైపోతారు. అంతకుముందు సున్నా ఉన్న గడుల్లో కొత్త అంకెలు పుట్టుకొస్తాయి. దీని పేరు ఫిల్-ఇన్. ఇందాకటి నిండు విలోమం దొడ్డిదారిన లోపలికి వస్తున్నదన్నమాట.

ఏ వరసలో తొలగిస్తామన్నదాన్ని బట్టి ఈ ఫిల్-ఇన్ ఎంత మారుతుందో చూస్తే నమ్మబుద్ధి కాదు. 10 లక్షల చలరాశులున్నాయి. మొదటిది మిగతా అందరితోనూ ముడిపడి ఉంది. మిగతావాళ్లకు మాత్రం ఆ మొదటిదానితో తప్ప ఎవరితోనూ సంబంధం లేదు. మ్యాట్రిక్స్‌లో సున్నా కాని అంకెలు సుమారు 30 లక్షలు. మొదటిదాన్నే ముందు తొలగించారా, మిగిలినవాళ్లంతా ఒకరికొకరు ముడిపడిపోయి మ్యాట్రిక్స్ లక్ష కోట్ల అంకెలతో నిండిపోతుంది. అదే దాన్ని చిట్టచివరికి అట్టిపెట్టి మిగతావాటిని ముందు తొలగిస్తే? ఒక్క కొత్త అంకె కూడా పుట్టదు. సమస్య అదే, జవాబు అదే, వరస ఒక్కటే మారింది.

అన్నిటికంటే తక్కువ ఫిల్-ఇన్ ఇచ్చే వరస ఏదో కనుక్కుందామంటే అదే పెద్ద చిక్కు. ఆ సమస్య ఎన్‌పీ-కంప్లీట్ (ప్రతిసారీ వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని రకం) అని 1981లో యన్నాకాకిస్ నిరూపించాడు. అందుకని అందరూ ఉజ్జాయింపు పద్ధతులే వాడతారు. వాటిలో సమాంతర సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం లాంటిది 1973లో అలాన్ జార్జ్ ప్రచురించిన నెస్టెడ్ డిసెక్షన్. గ్రిడ్‌ను సన్నటి గీతతో రెండుగా కోసేయాలి. గీత మీదున్న బిందువుల్ని చివరికి అట్టిపెట్టాలి. గీతకు అటూ ఇటూ ఉన్న సగాలకు ఇక ఒకదానితో ఒకటికి పని లేదు కాబట్టి ఒకదాన్ని ఒక ప్రాసెసర్ గుంపుకూ, రెండోదాన్ని ఇంకో గుంపుకూ అప్పగించేయొచ్చు. ఆ సగాల్ని మళ్లీ కోస్తారు, మళ్లీ కోస్తారు. చివరికి చెట్టు ఆకారంలో పని పంపకం తయారవుతుంది: ఆకుల దగ్గర వేల చిన్న పనులు ఒకేసారి నడుస్తాయి, పైకి వచ్చేకొద్దీ పనులు తగ్గి, ఒక్కోటీ బరువెక్కుతుంది. ఇలా కోసిపెట్టడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టిన మెటిస్, ఫ్రాన్స్‌లో పుట్టిన స్కాచ్ అనే లైబ్రరీలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

చెట్టు మొదట్లో ఏముంటుందో మన దిమ్మ మీదే చూద్దాం. వెయ్యి పొడవు దిమ్మను రెండుగా కోయాలంటే వెయ్యి అడ్డం, వెయ్యి నిలువున్న పలక కావాలి. ఆ పలక మీద 10 లక్షల బిందువులు. కిందివన్నీ తొలగించేసరికి ఈ 10 లక్షల బిందువులూ ఒకదానితో ఒకటి పూర్తిగా ముడిపడిపోయి ఉంటాయి. అంటే 10 లక్షల అడ్డవరుసల నిండు మ్యాట్రిక్స్, 8 టెరాబైట్లు. సౌష్ఠవం ఉందని, అంటే వికర్ణానికి అటూ ఇటూ అవే అంకెలని, సగమే దాచుకున్నా 4 టెరాబైట్లు. ఇది చెట్టు మొదలు ఒక్కటే, కింద ఇంకా చాలా ఉంది. మనం బయల్దేరింది 84 గిగాబైట్లతో అన్నది మర్చిపోవద్దు.

త్రీడీలో గ్రిడ్‌ను ఒక్కో వైపూ రెట్టింపు చేస్తే చలరాశులు 8 రెట్లు అవుతాయి. డైరెక్ట్ సాల్వర్‌కు మెమరీ సుమారు 16 రెట్లు, పని సుమారు 64 రెట్లు పెరుగుతుంది. టూడీలో పరిస్థితి ఇంత ఘోరం కాదు, అందుకే టూడీ లెక్కల్లో డైరెక్ట్ సాల్వర్లు ఇప్పటికీ రాజ్యమేలుతున్నాయి. త్రీడీలో కొన్ని లక్షల చలరాశుల వరకు హాయిగా నడుస్తాయి, ఆ పైన మెమరీ కోసం దేవులాట మొదలవుతుంది.

మరి ఎందుకు వాడాలంటే, మొండితనం కోసం. మ్యాట్రిక్స్ ఎంత వంకరగా ఉన్నా డైరెక్ట్ సాల్వర్ సాధారణంగా జవాబు తెచ్చి చేతిలో పెడుతుంది. ఒకసారి మ్యాట్రిక్స్‌ను ఎలిమినేషన్‌తో ముక్కలు చేసి పెట్టుకున్నాక, కుడిపక్క వెక్టర్లు (అందిన వేడి లాంటి ఇచ్చిన విలువలు) వంద మారినా ప్రతిసారీ చిన్న పనే మిగులుతుంది. ఈ జాతిలో పేరున్నవి మంప్స్, సూపర్ఎల్‌యూ-డిస్ట్, పార్డిసో. 1996లో మొదలైన పారాసోల్ అనే ఐరోపా ప్రాజెక్టులోంచి మంప్స్ పుట్టింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో సూపర్ఎల్‌యూ పెరిగింది. ఈ రెండిటి మధ్య ఒక సిద్ధాంత భేదం ఉంది. ఎలిమినేషన్ చేసేటప్పుడు చిన్న అంకెతో భాగించాల్సి వస్తే లెక్క చెడిపోతుంది, అందుకని మంచి అంకె దొరికేలా వరుసల్ని అప్పటికప్పుడు మార్చుకుంటారు. దీన్ని పివటింగ్ అంటారు. సమాంతరంగా నడిచేటప్పుడు ఇది నరకం: పని పంపకం ముందే అయిపోయింది, ఇప్పుడు వరుసలు మారిస్తే ఎవరి దగ్గర ఏముందో తారుమారవుతుంది. సూపర్ఎల్‌యూ-డిస్ట్ ఏం చేసిందంటే పెద్ద అంకెలన్నీ వికర్ణం మీదకు వచ్చేలా ముందే సర్దేసి, మధ్యలో వరుసలు మార్చనని తెగేసి చెప్పి, చివర్లో జవాబును సరిదిద్దుకుంటుంది. మంప్స్ మాత్రం నడుస్తుండగానే పివటింగ్ చేస్తుంది, కుదరని చలరాశుల్ని చెట్టులో పైకి వాయిదా వేస్తుంది. దాని పర్యవసానం వాడేవాళ్లకు మెమరీ దగ్గర తగులుతుంది. ముందు అంచనా వేసిన మెమరీ చాలక మైనస్ 9 అనే ఎర్రర్‌తో మంప్స్ ఆగిపోవడం దాన్ని వాడిన చాలామందికి అనుభవమే. 14వ నంబర్ కంట్రోల్ పారామీటర్‌లో అంచనా మీద అదనపు శాతం పెంచి మళ్లీ నడిపితే చాలాసార్లు దారిన పడుతుంది. మాన్యువల్‌లో రాసే ఉంటుంది, కానీ ఆగిపోయేదాకా మాన్యువల్ ఎవరు చదువుతారు?

అడుగడుగునా సరిచూసుకుంటూ పోయే దారి

రెండో జాతి ఇటరేటివ్ సాల్వర్లది. వీటికి మ్యాట్రిక్స్‌ను ముక్కలు చేయడం అక్కర్లేదు. ఒక ఊహతో మొదలుపెట్టి, మ్యాట్రిక్స్‌తో గుణించి, ఎంత తేడా వచ్చిందో చూసి, ఊహను సరిదిద్దుకుంటూ పోతాయి. 1952లో హెస్టెనిస్, స్టీఫెల్ ప్రచురించిన కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి వీటికి పెద్దన్న. 1986లో సాద్, షుల్ట్జ్ తెచ్చిన జీఎంరెస్ సౌష్ఠవం లేని మ్యాట్రిక్స్‌లకు వాడేది. మెమరీ కావాల్సింది మ్యాట్రిక్స్‌కూ కొన్ని వెక్టర్లకూ మాత్రమే. అయితే చేరవేత మూల్యం ఇక్కడ వేరే రూపంలో వస్తుంది.

ఒక్కో గుణకారంతో సమాచారం ఒక్క బిందువు దూరం మాత్రమే కదులుతుంది, చెవి నుంచి చెవికి పాకే పుకారులాగా. మన దిమ్మలో ఒక మూల మాత్రమే వేడి ఇచ్చి, సున్నా ఊహతో మొదలుపెడితే, ఎదురు మూల బిందువుకు ఆ సంగతి 2,997 గుణకారాల తర్వాత గానీ చేరదు. అంతవరకు అక్కడి జవాబు అచ్చంగా సున్నానే. ఈ గుణకారాల మీదే నడిచినంతకాలం ఎంత తెలివైన సూత్రం వాడినా, ఎన్ని వేల కోర్లు పెట్టినా ఇది మారదు. గ్రిడ్‌ను ఒక్కో వైపూ రెట్టింపు చేస్తే కాంజుగేట్ గ్రేడియంట్‌కు కావాల్సిన ఇటరేషన్లు సుమారు రెట్టింపవుతాయి, ఒక్కో ఇటరేషన్ ఖర్చు 8 రెట్లు, కలిపి 16 రెట్లు. డైరెక్ట్ సాల్వర్ 64 రెట్ల కంటే చాలా నయమే గానీ, సరిపోదు.

సమాంతరంగా నడిపేటప్పుడు గ్రిడ్‌ను దిమ్మెలు దిమ్మెలుగా కోసి ఒక్కో ప్రాసెస్‌కు (సొంత మెమరీతో విడిగా నడిచే ప్రోగ్రామ్ ప్రతికి) ఒకటి ఇస్తారు. ప్రతి ఇటరేషన్‌లోనూ పక్క దిమ్మెల అంచు విలువలు తెచ్చుకోవాలి. ఒక్కో దిమ్మె 100 ఘనం, అంటే 10 లక్షల బిందువులైతే, బయటి నుంచి తెచ్చుకోవాల్సినవి ఆరు ముఖాలకు కలిపి 60,000, ఆరు శాతం. ఇంకా వేగం కావాలని దిమ్మెను 10 ఘనానికి కోసేస్తే, ఉన్నవి 1,000, తెచ్చుకోవాల్సినవి 600. సొంత పని కంటే ఉత్తరప్రత్యుత్తరాలే ఎక్కువైపోతాయి. పెట్‌సీ (PETSc) అనే లైబ్రరీ రాసినవాళ్లు అందుకే ఒక్కో ప్రాసెస్‌కు కనీసం 10,000 చలరాశులు ఉండాలనీ, 20,000 దాటితే మేలనీ చెబుతారు. ఆ లెక్కన మన 100 కోట్ల సమస్యకు 50,000 ప్రాసెస్‌ల దాకా పనికొస్తాయి, ఆ పైన పెట్టేవి చాలావరకు కరెంటు దండగ.

అంచుల సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు, లెక్క నడుస్తుండగానే వెనకాల పంపించుకోవచ్చు. నిజంగా నొప్పెట్టేది డాట్ ప్రొడక్ట్, అంటే రెండు వెక్టర్ల అంకెల్ని జతలుగా గుణించి అన్నిటినీ కూడడం. కాంజుగేట్ గ్రేడియంట్‌లో ప్రతి ఇటరేషన్‌కూ రెండుసార్లు అన్ని ప్రాసెస్‌లూ తమ తమ మొత్తాల్ని కలిపి ఒకే అంకె చేయాలి. అది వచ్చేదాకా ఎవరూ ముందుకు కదలకూడదు. 50,000 మందిలో ఒక్కడు నెమ్మదించినా మిగతా 49,999 మందీ చేతులు ముడుచుకుని ఆగాలి. ఈ ఎదురుచూపును లెక్క వెనక దాచేసే పైప్‌లైన్ పద్ధతులు వచ్చాయి గానీ, వాటిలో రౌండింగ్ తప్పులు కాస్త ఎక్కువ పేరుకుంటాయి.

రౌండింగ్ అంటే గుర్తొచ్చింది. ఒకే ప్రోగ్రామ్‌ను ఒకసారి 8 ప్రాసెస్‌లతో, ఇంకోసారి 16తో నడిపితే చివరి అంకెలు తేడా వస్తాయి. బగ్ ఉందని టెన్షన్ పడతారు. 1కి 10 కి 16వ ఘాతం కలిపి, మళ్లీ అదే తీసేయండి: మామూలు 64 బిట్ల లెక్కలో జవాబు సున్నా. ముందు ఆ పెద్ద అంకెలు రెండిటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, తర్వాత 1 కలపండి: జవాబు 1. కంప్యూటర్ కూడికకు వరస ముఖ్యం, ప్రాసెస్‌లు మారితే వరస మారుతుంది.

ప్రీకండిషనర్: అసలు ఆట ఇక్కడే

ఇటరేషన్లు తగ్గించడానికి, మ్యాట్రిక్స్ విలోమానికి చవకబారు నకలు ఒకటి తయారుచేసి ప్రతి అడుగులోనూ వాడతారు. అదే ప్రీకండిషనర్. కాంజుగేట్ గ్రేడియంటా, జీఎంరెసా అని జనం తెగ వాదించుకుంటారు గానీ, నన్నడిగితే ఆ ఎంపిక పక్కన పెట్టి ప్రీకండిషనర్ మీద బుర్ర పెట్టడం మంచిది. మ్యాట్రిక్స్ సౌష్ఠవంగా, పాజిటివ్ డెఫినిట్‌గా (సున్నా కాని ఏ వెక్టర్‌తో అటూ ఇటూ గుణించినా ధన సంఖ్యే వచ్చేలా) ఉంటే మొదటిది, లేకపోతే రెండోది, అంతటితో ఆ చర్చ సరి.

పాతకాలం నుంచి వాడుకలో ఉన్న ప్రీకండిషనర్ అసంపూర్ణ ఎల్‌యూ. గాస్ ఎలిమినేషనే చేస్తారు, కానీ కొత్తగా పుట్టిన అంకెల్ని అక్కడికక్కడే పారేస్తారు. ఒక్క ప్రాసెసర్ మీద ఇది బంగారం. సమాంతరంగా వచ్చేసరికి చతికిలపడుతుంది, ఎందుకంటే రెండో వరుస లెక్కకు మొదటి వరుస జవాబు కావాలి, మూడోదానికి రెండోది... అంతా వరసలో నిలబడాల్సిందే. కాబట్టి సాఫ్ట్‌వేర్లు రాజీ పడతాయి: ఎవరి దిమ్మె లోపల వాళ్లు అసంపూర్ణ ఎల్‌యూ చేసుకోండి, పక్క దిమ్మెల సంగతి వదిలేయండి అంటాయి. పెట్‌సీలో మీరేమీ చెప్పకపోతే జరిగేది ఇదే. ఒక్క ప్రాసెస్‌తో నడిపితే జీఎంరెస్‌తో పాటు మామూలు అసంపూర్ణ ఎల్‌యూ వస్తుంది. ఎక్కువ ప్రాసెస్‌లతో నడిపితే చప్పుడు లేకుండా బ్లాక్ జాకోబీ వస్తుంది, ఒక్కో బ్లాక్ లోపల అసంపూర్ణ ఎల్‌యూ. కోర్లు పెంచితే ఇటరేషన్లు ఎందుకు పెరిగాయి అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. కోర్లతో పాటు మీకు తెలియకుండా పద్ధతే మారిపోయింది.

దిమ్మెలు ఒకదానిమీదకొకటి కాస్త వచ్చేలా కోసి, అంచుల దగ్గర జవాబులు ఇచ్చిపుచ్చుకునే ఆలోచన 1870 నాటిది. హెర్మన్ ష్వార్జ్ అనే గణితవేత్త దాన్ని సిద్ధాంతం నిరూపించడానికి వాడాడు, కంప్యూటర్ల కోసం కాదు పాపం. ఇప్పుడది డొమైన్ డీకంపోజిషన్ అనే పెద్ద శాఖ. అయినా మన ముడి అలాగే ఉంది: దిమ్మె నుంచి పక్క దిమ్మెకే సంగతి చేరుతుంది కాబట్టి దిమ్మెలు పెరిగేకొద్దీ ఇటరేషన్లూ పెరుగుతాయి. దీనికి మందు ఒక్కటే. అన్ని దిమ్మెల్నీ కలిపి చూసే చిన్న ముతక సమస్య ఒకటి పక్కన పెట్టుకోవాలి, దూరపు కబురు దాని ద్వారా ఒక్క దూకులో చేరిపోవాలి.

ఆ ముతక సమస్య ఆలోచనను చివరికంటా లాగితే వచ్చేది మల్టీగ్రిడ్. 1960ల్లో సోవియట్ గణితవేత్త ఫెడొరెంకో దీనికి పునాది వేశాడు, 1970ల్లో అచీ బ్రాంట్ దాని బలం ఏమిటో లోకానికి చూపించాడు. గ్రిడ్ మీద రెండు మూడు సార్లు సర్దుబాటు చేస్తే గరుకు తప్పులన్నీ పోయి నున్నటి తప్పు మిగులుతుంది. నున్నటిదాన్ని చూడ్డానికి అన్ని బిందువులు అక్కర్లేదు, ఒక్కో వైపు సగం చాలు. అక్కడికి దింపితే అదే తప్పు మళ్లీ గరుకుగా కనిపిస్తుంది. మళ్లీ సర్దుబాటు, మళ్లీ సగం. త్రీడీలో ఒక్కో మెట్టు దిగితే బిందువులు ఎనిమిదో వంతుకు పడిపోతాయి కాబట్టి కింది మెట్లన్నీ కలిపినా పై గ్రిడ్ పనిలో ఏడో వంతే అదనం. సానుకూలమైన సమస్యల్లో గ్రిడ్ ఎంత పెద్దదైనా ఇటరేషన్ల సంఖ్య దాదాపు పెరగదు. ఒక్కో వైపు రెట్టింపు చేస్తే పని 8 రెట్లు, అంతే. 64, 16, 8: ఈ మూడు అంకెల్లో మూడు జాతుల సాల్వర్ల కథా ఉంది.

మల్టీగ్రిడ్‌కు సమాంతరంలో తనదైన తద్దినం ఉంది. అడుగు మెట్ల దగ్గర కొన్ని వందల బిందువులే మిగులుతాయి, ప్రాసెస్‌లేమో వేలు. పనిలేని వేలమంది మధ్య కబుర్లు మాత్రం మిగులుతాయి. మంచి సాఫ్ట్‌వేర్లు ఒక మెట్టు దిగాక పనిని కొద్దిమంది ప్రాసెస్‌ల దగ్గరికి పోగేసి మిగతావాళ్లను కూర్చోబెడతాయి. వేల చిన్న లెక్కలు ఒకేసారి చేసే చిప్‌లైన జీపీయూల మీద మరో తిప్పలు: గాస్-సైడల్ లాంటి సర్దుబాటు పద్ధతులు వరసలో నడిచేవి కాబట్టి వాటి స్థానంలో జాకోబీ, చెబిషెవ్ రకాలు వాడతారు. ఇవి ఒక్కో అడుగులో కాస్త బలహీనమైనా అన్ని బిందువుల్నీ ఒకేసారి సర్దగలవు.

సిసలైన గ్రిడ్ లేకుండా మ్యాట్రిక్స్ మాత్రమే చేతికొచ్చినప్పుడు, దాని అంకెల్ని చూసి ముతక మెట్లను తనంతట తానే ఊహించుకునేది ఆల్జీబ్రాయిక్ మల్టీగ్రిడ్. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్ల హైపర్ లైబ్రరీలోని బూమర్ఏఎంజీ దీనికి బాగా పేరున్నది. దీంట్లో ఏ ముడి బలమైనదో తేల్చే హద్దు ఒకటి ఉంటుంది. డిఫాల్ట్ 0.25, టూడీకి బాగుంటుంది. త్రీడీ సమస్యలకు 0.5 దగ్గర పెట్టి చూడమని వాళ్లే చెబుతారు. ఈ ఒక్క అంకె మార్చకుండా, మెమరీ ఎక్కువ తింటోందని లైబ్రరీని తిట్టేవాళ్లు తక్కువేం కాదు. అలాగే వంతెనలూ యంత్రభాగాల వంటి ఘనపదార్థాల లెక్కల్లో, వస్తువు మొత్తంగా మూడు దిక్కులకు జరగడం, మూడు రకాలుగా తిరగడం అనే ఆరు కదలికల్ని వెక్టర్లుగా రాసి సాల్వర్‌కు అందించాలి. పెట్‌సీలోని గామ్‌జీ, ట్రిలినోస్ అనే ఇంకో లైబ్రరీలోని మ్యూలూ అనే మల్టీగ్రిడ్లు వీటిని అడిగి తీసుకుంటాయి. ఇవ్వకపోతే వందల ఇటరేషన్లు, ఇస్తే పదుల్లో తేలడం మామూలే.

వాడకం దగ్గరికొస్తే

అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల నుంచి పెట్‌సీ, శాండియా నుంచి ట్రిలినోస్ వచ్చాయి. రెండూ గొడుగుల్లాంటివి. మంప్స్, సూపర్ఎల్‌యూ, హైపర్ వంటివాటిని వీటి కిందే పిలుచుకోవచ్చు. పెట్‌సీలో ప్రోగ్రామ్ మళ్లీ కంపైల్ చేయకుండా నడిపే కమాండ్‌లోనే సాల్వర్ మార్చుకోవచ్చు, కాబట్టి సొంతంగా సాల్వర్ రాసుకునే ఉత్సాహాన్ని అణుచుకుని దీన్ని నేర్చుకోవడమే లాభం. ముందు చిన్న గ్రిడ్ మీద డైరెక్ట్ సాల్వర్‌తో జవాబు తెచ్చుకోండి. సమీకరణాలు రాయడంలో తప్పుంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత ఆల్జీబ్రాయిక్ మల్టీగ్రిడ్ పెట్టి గ్రిడ్ రెట్టింపు చేస్తూ ఇటరేషన్లు చూడండి. అవి పెరగకుండా నిలిచాయంటే కోర్లు పెంచే ఆలోచన చేయొచ్చు. పెరుగుతున్నాయంటే ఎన్ని కోర్లు పెట్టినా ఆ పెరుగుదల వాటిని మింగేస్తుంది.

ఎక్కువమందికి తగిలే గుంతలు రెండు. ఎంపీఐ (ప్రాసెస్‌ల మధ్య సందేశాలు పంపే పద్ధతి) ప్రాసెస్‌లు 64 పెట్టి, ఓపెన్‌ఎంపీ (ఒక్కో ప్రాసెస్ లోపల పనిని థ్రెడ్లుగా పంచే పద్ధతి) థ్రెడ్ల సంఖ్య చెప్పకుండా వదిలేస్తే ఒక్కో ప్రాసెసూ మళ్లీ 64 థ్రెడ్లు తెరిచి యంత్రాన్ని మొత్తం స్తంభింపజేయగలదు. ఆ సంఖ్యను 1 చేసి మొదలుపెట్టాలి. రెండోది పూర్ణాంకాల హద్దు. 32 బిట్ల పూర్ణాంకం సుమారు 214 కోట్ల దగ్గర ఆగిపోతుంది. మన దిమ్మలో సున్నా కాని అంకెలే 700 కోట్లు. పెద్ద సమస్యలకు వెళ్లేవాళ్లు లైబ్రరీని 64 బిట్ల సూచికలతో కట్టుకోకపోతే వింత వింత ఎర్రర్లు వస్తాయి.

సాల్వర్ పని ముగించానని చెప్పినంత మాత్రాన నమ్మేయకూడదు. పెట్‌సీలో తేడా మొదటి విలువలో లక్షో వంతుకు తగ్గితే చాలు, అయిపోయిందంటుంది. అది కూడా సమీకరణాల్లో మిగిలిన తేడాయే, జవాబులో ఉన్న తప్పు కాదు. మ్యాట్రిక్స్ కండిషన్ నంబర్ (సమీకరణాల్లోని చిన్న తేడా జవాబులో ఎన్ని రెట్లు కావచ్చో చెప్పే అంకె) కోటి దాకా ఉందంటే ఆ రెండిటి మధ్య అంతరం కూడా కోటి రెట్ల వరకు ఉండొచ్చు.

ఇంతా చేసి, వీటిలో ఏదీ హాయిగా పనిచేయని చోటు ఒకటుంది. భూకంప తరంగాలు, ధ్వని, రాడార్ లాంటి తరంగాల లెక్కల్లో వచ్చే హెల్మ్‌హోల్ట్జ్ సమీకరణం. పౌనఃపున్యం పెరిగేకొద్దీ దీని మ్యాట్రిక్స్‌కు ధన, రుణ ఐగెన్ విలువలు (కొన్ని వెక్టర్లను మ్యాట్రిక్స్ ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే అంకెలు) రెండూ కలగలిసిపోతాయి, అంటే అది పాజిటివ్ డెఫినిట్ కాదు, కాంజుగేట్ గ్రేడియంట్ చెల్లదు. ముతక గ్రిడ్ మీదకు దింపితే అలే కనిపించకుండా పోతుంది, మల్టీగ్రిడ్ నడుం విరుగుతుంది. చాలామంది మెమరీ భరించి డైరెక్ట్ సాల్వర్లకే తిరిగొస్తారు. ఆ భారం తగ్గించడానికి, చెట్టు పై మెట్లలోని నిండు మ్యాట్రిక్స్‌లను చిన్న చిన్న బ్లాకులుగా చేసి, దూరపు బిందువుల మధ్య ముడిని ఉజ్జాయింపుగా కొన్ని వెక్టర్లతో కుదించి దాచే పద్ధతి మంప్స్‌లోనూ, స్ట్రంప్యాక్ అనే ఇంకో సాల్వర్‌లోనూ వచ్చింది. మామూలు ఉష్ణ సమస్యల్లో ఈ కుదింపు అద్భుతంగా పనిచేస్తుంది. తరంగాల్లో మాత్రం పౌనఃపున్యం పెంచేకొద్దీ కుదించడానికి అంతగా లొంగదు.